రెండు నీళ్లకూ ఒకే రీలు

కొంగమ్మకి,

నువ్వు అబద్ధాలకోరువి. ఇంతకన్నా మర్యాదైన మాట దొరుకుతుందేమోనని చూశాను, దొరకలేదు. జెట్టీ మీంచి గాలం రీలు జారి నీళ్లలో పడిందని రాశావు. నీళ్లలో పడింది రీలు కాదు, నువ్వు.

ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసా. అక్కడ నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను అని రాయడం రివాజు. నేను తలచను, వాకబు చేశాను. జెట్టీ ఆఫీసు ఫోన్లో నీ పడవతన్ని పట్టుకుని, అడిగిందే మళ్లీ అడిగి, ఒట్టు వేయించుకుని మరీ తెలుసుకున్నాను. నువ్వు కులాసా. ఈ ఉత్తరంలో నేను ఎంత అరిచినా, ఆ ఒక్క మాట దక్కింది గనకే అరవగలుగుతున్నానని గుర్తుపెట్టుకుని చదువు. ఇదంతా నీతోనే ఫోన్లో మాట్లాడొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు నవ్వేసి మాట మారుస్తావు. కాగితంతో ఆ ఆటలు సాగవు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు.

అమ్మ కళ్లెలా ఉన్నాయని అడిగావు. ఆపరేషన్ అయ్యేదాకా సూదిలో దారం ఎక్కించే పని పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. దానికి ఆవిడ చెప్పుకున్న అర్థం: దారం అల్లుడు ఎక్కిస్తాడు, కుట్టడం నేను కుడతాను. "అల్లుడూ, దారం!" అని కేక వినపడితే సంపాదకీయం సగంలో వదిలేసి లేస్తున్నాను. యాజమాన్యాలకి లొంగనివాణ్ణి ఆవిడ కుట్టుమిషనుకి లొంగిపోయాను.

పత్రిక నడుస్తోందా అన్నావు. కుంటుతోంది. కిందటి సంచికలో లిఫ్టు లేని అయిదంతస్తుల మేడల గురించి రాస్తే, ఇళ్ల యజమానుల సంఘం నన్ను అభివృద్ధి నిరోధకుడంది. పై అంతస్తు ముసలావిడ ఒకామె ఆయాసపడుతూ దిగొచ్చి, "బాగా తిట్టావు నాయనా, ఇంకా తిట్టు" అంది. నాకు వచ్చిన పురస్కారాల్లో అదే పెద్దది.

ఇక నువ్వు పంపిన రీలు. అది పట్టేసింది, బాగవుతుందేమో చూడు, కాకపోతే మంచినీళ్లకీ ఉప్పునీళ్లకీ ఆడే రీలు మన తాహతులో ఒకటి కొని పంపు అన్నావు. నీ ఉద్యోగమే రెండు నీళ్ల ఉద్యోగం. పొద్దున ఏటి ఎగువన నీళ్ల పరీక్షకి సీసాలు నింపుతావు, మధ్యాహ్నం ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నింపుతావు, సీసాకీ సీసాకీ మధ్య చేపకి ఎరగా ఈకలతో కట్టిన ఆ దొంగ ఈగని నీళ్ల మీద విసురుతూ ఒంటికాలి మీద నిలబడతావు. కొంగ అని పేరు ఊరికే పెట్టానా?

పాత రీలుని భోజనాల బల్ల మీద విప్పాం. ఇక్కడొక నేరం జరిగింది. చక్రం కదలకపోయేసరికి మీ అమ్మ కుట్టుమిషను నూనె తెచ్చి, నేను వద్దనేలోపే లోపల పోసేసింది. చక్రం కదిలింది. కదలడమేమిటి, గిర్రున తిరిగి ఆగనంది. బ్రేకులోపల ఉన్నది బెండు బిళ్ల, నూనె తాగితే ఇక దేన్నీ పట్టదట. ఆ సంగతి తర్వాత దుకాణంలో తెలిసింది. "నేనైతే బాగుచేశాను, ఆగకపోతే అది దాని బుద్ధి" అంటోంది ఆవిడ. అంచేత నీ పాత రీలు బాగయ్యే ఆశ లేదు. దానికి మేమిద్దరం సమాన బాధ్యులం, మూడో భాగం నీది. మంచినీళ్ల రీలుని ఉప్పునీళ్లలో తిప్పి, ఇంటికొచ్చి కడగకుండా గోడకి వేలాడదీసిందెవరు?

నూనె తుడుస్తూ ఆవిడ దారం కొసని వేళ్ల మధ్య పెట్టుకుని నలిపింది. కళ్లు మసకే గానీ ఆ వేళ్లు బతుకంతా దారంతోనే గడిపాయి.

"అల్లుడూ, ఇది తెగింది కాదు."

"మరి?"

"కోశారు. లాగితే తెగిన దారం కొస చీపురులా విచ్చుకుంటుంది. ఇది చూడు, నున్నగా ఉంది. కత్తితో ఒక్క వేటుకి కోసింది. మా పిల్ల దారం ఎందుకు కోస్తుంది? చేప పోయినా దారం పోనివ్వదే అది."

నేను చక్రం విప్పి చూశాను. చక్రం అడుగున, చివరి చుట్టు కింద కూడా ఇసుక ఉంది. జెట్టీ మీంచి జారి పడి, వెంటనే పైకి తీసిన రీలులోకి అంత ఇసుక చేరదు. ఆ మాట చెప్పగానే మీ అమ్మ, "ఫోన్ చెయ్యి" అంది.

పడవతను మొదట ఏమీ తెలియదన్నాడు. "మేడం గారు బాగానే ఉన్నారు సార్" అని ఒకటే పాట. అప్పుడు మీ అమ్మ ఫోన్ లాక్కుంది.

"బాబూ, నేను దాని తల్లిని. నువ్వు 'బాగానే ఉన్నారు' అన్న తీరులోనే తెలిసింది, అప్పుడు బాగాలేదని. చెప్పు."

చెప్పాడు. నువ్వు చెప్పొద్దన్నావట, పాపం అతని తప్పేమీ లేదు. ఇసుకమేట మీద, నీళ్లు తీసే చోటుకి గుర్తుగా పాతిన నమూనా కర్ర దగ్గర, పోటు తిరిగే వేళ కోసం ఎదురుచూస్తూ గాలం వేశావు. పెద్ద చేప పట్టుకుంది. దారం వదలాల్సిన రీలు ఉప్పు పట్టి బిగుసుకుపోయి వదల్లేదు. గాలం కర్ర చెయ్యిజారకుండా చేప వెనకాలే నువ్వు ముందుకి అడుగులేశావు. నీళ్లు లోతయ్యాయి. అల తోసేసింది, అంతకుముందు చేతిలోకి లాగి వదిలిన దారం కాళ్లకి చుట్టుకుంది. కోశావు. నమూనా కర్రని కావలించుకుని వేలాడావు.

పడవ ఎక్కడుంది అప్పుడు? ఇది నేను అతన్ని అడిగాను. నసిగాడు. నీ పెద్దాఫీసరు గారి చుట్టాలకి సముద్రం చూపించడానికి వెళ్లింది! పోటు ఎక్కేవేళ ఒంటరి మనిషిని ఇసుకమేట మీద దింపేసి, ప్రజల సొమ్ముతో నడిచే పడవని షికారుకి పంపిన శాఖ అది. నీళ్లలో ఉప్పెంతో లెక్కగట్టి నివేదికలు పంపుతారే, ఆ లెక్కగట్టే మనిషి ఆ నీళ్లు తాగుతుంటే ఏ గడిలో రాస్తారట? ఆ చుట్టాలకి అలలు పడక వాంతులయ్యి, పడవ ముందుగానే వెనక్కి తిప్పించారు గనక నువ్వు మిగిలావు. వాళ్ల కడుపులకి నా నమస్కారాలు. అధికారుల బంధువర్గం ఈ దేశానికి చేసిన మేలు నాకు తెలిసి అదొక్కటే.

ఫోన్ పెట్టేశాక మీ అమ్మ మిషను దగ్గర కూర్చుని ఖాళీగా తొక్కింది. గుడ్డ లేదు, దారం లేదు, ఉత్త మిషను. నేను పక్కన నిలబడ్డాను. కొంతసేపయ్యాక, "ఉంది కదా" అంది. "ఉంది అత్తయ్యా" అన్నాను. "అయితే రీలు కొందాం పద" అంది.

పెద్దబజారులో గాలాల దుకాణానికి వెళ్లాం. యజమాని మెడకి టై కట్టుకున్న నెమ్మదస్తుడు.

"నదికి ఒక రీలు, సముద్రానికి ఒక రీలు సార్. రెండూ కలిపి తీసుకుంటే టోపీ ఉచితం."

"టోపీ పెడతానని ముందే చెప్తున్నారు, సంతోషం. నదీ సముద్రం కలిసేచోట నిలబడుతుంది మా ఆవిడ. అక్కడ ప్రతి అలకీ రీలు మార్చుకోవాలా?"

నవ్వి, అద్దాల బీరువా తాళం తీసి మెరిసిపోయేదాన్ని ఒకటి బయటపెట్టాడు. రెండు నీళ్లకూ ఆడుతుందట. ధర చెప్పాడు. మీ అమ్మ దాన్ని వెనక్కి తోసి, "ఈ ధరకి చేప తనంతట తనే వచ్చి కూర వండి పెడుతుందా బాబూ?" అంది.

అక్కడ నేను ఉపన్యాసం ఇచ్చానని నువ్వు ఊహించే ఉంటావు. ఇచ్చాను. ఏరు అందరిదీ, సముద్రం అందరిదీ, వాటి ఒడ్డున నిలబడే హక్కుని మాత్రం బీరువాలో పెట్టి తాళం వేస్తారా అన్నాను. మామూలువాళ్లకి మంచినీళ్ల రీలు అంటగట్టడం, అది ఉప్పుకి చచ్చాక ఇంకోటి అమ్మడం, దీన్ని వ్యాపారం అంటారా అన్నాను. అతను చివరిదాకా విని, వంగి కింది అరలో మూలనుంచి ఒక నల్లటి రీలు తీశాడు.

"నేను వాడేది ఇదే సార్. దీని మీద నాకు పెద్దగా మిగలదు, అందుకే కింద పెడతాను."

నా ఉపన్యాసానికి ఇంత నిజాయితీ గల జవాబు ఏ సభలోనూ రాలేదు. ఆయన్ని తిట్టడం మానేసి కుర్చీ లాక్కున్నాను.

ఇదీ నేను నేర్చుకున్నది. రీలులో ఉప్పు ముందుగా తినేది బ్రేకునే. బీరువాలోదానికైనా ఈ నల్లదానికైనా బ్రేకు మూతలో బిగించి ఉంది, నీళ్లూ ఇసుకా లోపలికి పోవు. ఒంటికి ఉప్పు పట్టని పూత ఉంది. తేడా అంతా బరువులో, మెరుపులో. ఇది కాస్త బరువు. నీ మణికట్టు సీసాల పెట్టెలు మోసిన మణికట్టే, ఓర్చుకుంటుంది. చక్రం పెద్దది, ఒక్క తిప్పుకి ఎక్కువ దారం చుడుతుంది, కాళ్ల దగ్గర చుట్టలు మిగలవు. ఆ చివరి గుణం విన్నాకే నేను కొనాలని నిశ్చయించుకున్నాను.

మీ అమ్మ పరీక్ష వేరు. దారం కొస పట్టుకుని, మిషను మీద బిగువు చూసినట్టు మెల్లగా లాగింది. పోల్చడానికి తీయించిన చవక మంచినీళ్ల రీలుని లాగితే పట్టి, వదిలి, పట్టి, ఎగిరెగిరి పడింది. ఇది లాగితే మొదలూ తుదీ ఒకే తీరున వచ్చింది, సన్నగా కిర్రుమంటూ. తల ఒక పక్కకి వంచి విన్నది. "ఇది బెదరదు, తీసుకో" అంది. టోపీ అడిగాను. ఒక రీలుకి ఇవ్వడట.

ఇప్పుడు చెప్పాల్సింది చెప్తాను. ఇంతసేపూ రీలు చుట్టూ తిరిగింది దీన్ని దాటేయగలనేమో అనే.

ఫోన్ చేసిన రోజునే నీకు ఒక ఉత్తరం రాశాను. ఇది కాదు, ఇంకోటి. ఉద్యోగం మానెయ్యి, గాలం విరిచెయ్యి, ఇంటికి రా అని. "ఇకమీదట నీళ్లలోకి దిగడానికి వీల్లేదు" అనే వాక్యం కూడా ఉంది. అచ్చుతప్పు లేకుండా ఉంది. మర్నాడు తపాలాలో వెయ్యబోతూ మళ్లీ చదువుకుంటే, అది నేను ఇన్నేళ్లుగా ఎవరి మీద రాస్తున్నానో వాళ్ల భాష. పనివాళ్ల క్షేమం కోసమే అంటూ తలుపులకి తాళం వేసేవాళ్ల భాష. అయినా చింపలేదు. భయం అంత త్వరగా వాదనకి లొంగదు. జేబులో పెట్టుకు తిరిగాను.

కొత్త రీలు ఆడుతుందో లేదో చూడకుండా పంపడమేమిటని, దుకాణదారు దగ్గర గాలం కర్ర అరువు తీసుకుని పార్కు చెరువుకి వెళ్లాను. అవును, నేనే. చేపలు పట్టడం తీరికగాళ్ల కాలక్షేపమని వ్యాసం రాసినవాణ్ణే. నాకు అలవాటైన కుడిచేతికి దారం చుట్టాను. రీలేమో ఎడమచేతికి బిగించి ఉంది. అంచేత లోపలికి చుడుతుంటే బ్రేకు పట్టేసింది, బయటికి లాగితే కట్టు తెంచుకున్నట్టు దారమంతా కుప్పగా ఊడి నా బూట్ల మీద పడింది. బెంచీ మీద పింఛను బృందం హాయిగా నవ్వింది. ఒకాయన, "చేపలకి ఊయల కడుతున్నారా?" అన్నాడు. నువ్వు తిప్పేదీ ఎడమచేత్తోనేనని అప్పుడు గుర్తొచ్చింది. మళ్లీ చుట్టాను, నీ చేతికి సరిపోయేలా.

ఆ తర్వాత విసిరాను. ఇరవైసార్లు నా చొక్కాకే తగులుకుంది. ఆపైన ఒక్కసారి, ఎలాగో తెలియదు, దారం వెనక్కి పోయి, గాలిలో తెరుచుకుని, ముందుకొచ్చి నీళ్ల మీద చప్పుడు లేకుండా వాలింది. నువ్వు అక్కడ ఎందుకు నిలబడతావో పెళ్లయిన ఇన్నేళ్లకి తెలిసింది. జేబులో ఉత్తరం అక్కడే చింపాను. ముక్కలు చెత్తబుట్టలో వేశాను, చెరువులో కాదు, కంగారుపడకు.

నిన్ను రమ్మనను. నేను వస్తున్నాను. పత్రిక వచ్చే సంచిక పూర్తికాగానే వస్తాను, అమ్మ కంటి ఆపరేషనుకి ముందే తిరిగొస్తాను. నీ పెద్దాఫీసరుతో పడవ సంగతి మాట్లాడాలి. గట్టిగా మాట్లాడతాను, ముందే చెప్తున్నాను. నువ్వు సిగ్గుపడితే జెట్టీ చివర నిలబడు.

రీలు ఈ పొట్లంలోనే ఉంది. దానితోపాటు నీళ్లలో మునగనివ్వని లైఫ్ జాకెట్టు ఒకటి ఉంది. మీ అమ్మ దానికి కత్తి పెట్టుకునే జేబు కుట్టింది, దారం నేనే ఎక్కించాను. ఇక మా డిమాండ్లు:

పడవ పక్కన లేకుండా ఇసుకమేట మీదికి వెళ్లకూడదు. ఎవరు ఆర్డరు వేసినా సరే.

లైఫ్ జాకెట్టు గోడకి కాదు, ఒంటికి తగిలించుకోవాలి.

ఉప్పునీళ్లలోంచి రాగానే రీలుని మంచినీళ్లతో కడగాలి. నూనె ముట్టించకూడదు. ఇది మీ అమ్మ కూడా ఒప్పుకుంది, సణుగుతూ.

చేప పెద్దదైతే పోనివ్వాలి. గాలం కర్ర కూడా పోనివ్వాలి.

పడవతన్ని తిట్టకూడదు.

పడితే పడ్డానని రాయాలి.

రోజూ పని ముగించి జెట్టీ ఎక్కాక, సిగ్నలు దొరికిన కాసేపట్లో ఫోన్ దగ్గర పెట్టి దారం మూరెడు లాగాలి. మాట్లాడక్కర్లేదు. ఆ కిర్రు చప్పుడు మీ అమ్మకి తెలుసు. మాటల్లో నువ్వు ఎన్నైనా చెప్తావు, రీలుకి అబద్ధం చేతకాదు.

ఇట్లు,
నీ గొడవల మొగుడు