తాతకు దగ్గులు

వదినా,

మీ ఆఫీసు వేసిన సేవాసంస్థల జాబితా పుస్తకం అందింది. మీ తోడికోడలు చదివి వినిపించింది. మన రాష్ట్రంలో టీకొట్ల కన్నా సేవాసంస్థలే ఎక్కువట, వాటిలో ముప్పాతిక కుట్టుపని నేర్పేవేనట! ఆ ముక్క నాకు పుస్తకం చెప్పాలా? మా వీధిలో ఇంటికో మిషను, గోడకో సర్టిఫికెట్టు. అందరూ కుట్టేవాళ్ళే అయితే కుట్టించుకునేదెవరు? గిరాకీ లేకే షాపు మూసేశానని అన్నయ్యకి చెప్పాను. అది సగం నిజం.

మొన్న ఒక సంస్థవాళ్ళు ఇంటికొచ్చారు. పని పోయిన మగవాళ్ళకి సాయం చేస్తారట. ఏం సాయమండీ అంటే, కుట్టు శిక్షణ అన్నారు. ముప్పయ్యేళ్ళుగా టైలర్నండీ మొర్రో అన్నా వినలేదు. మధ్యాహ్నం భోజనం పెడతారని మీ తోడికోడలు తరిమితే వెళ్ళాను.

టీచరమ్మ ఎవరనుకున్నారు? నా దగ్గర కాజాలు కుట్టడం నేర్చుకున్న పిల్లే! తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. సూదిలో దారం ఎక్కించండి మాస్టారూ అంది. ఎంతసేపు చూసినా బెజ్జం కనపడలేదు. పాపం, తల వంచుకుని, మాస్టారికి కుట్టుపని ఇంకా రాలేదని రాసుకుంది.

ఉత్తరంలో గీతలు వంకరపోతే నవ్వకండి. రెండు కళ్ళలోనూ శుక్లాలట. అన్నయ్యతో అనకండి. కళ్ళు బాగుచేయించే సంస్థ రాష్ట్రంలో ఒక్కటైనా ఉందేమో చూడండి, మీ పుస్తకంలో మాకైతే దొరకలేదు. త్వరగా రాయండి వదినా. నాకు కుట్టుపని వచ్చేదాకా వీళ్ళు వదిలేలా లేరు.

మీ మరిది