ఓబుళేసు అంటే పలికిందెవరు?

అనంతపురం

గౌరవనీయులైన తిప్పేషు మామకు, మేనకోడలు ఇంద్రాణి నమస్కారాలు.

గొర్రెలు మేపుతూ చదువుకోవడానికి కొత్త విషయం ఏదైనా చెప్పమన్నావు. మా కాలేజీలో భాషా తత్వశాస్త్రం మొదలైంది. మాటకీ, అది చూపించే వస్తువుకీ ఉన్న ముడి ఏమిటని అడిగే చదువు. లావు పుస్తకంతో మొదలుపెడితే బెదిరిపోతావు. ముందు ఒక్క ప్రశ్న పట్టుకో. పేరు మనిషిని వర్ణిస్తుందా, ఊరికే వేలు పెట్టి చూపిస్తుందా? నీ పేరుతోనే మొదలుపెట్టు.

పుస్తకాల మధ్య నుంచి,
ఇంద్రాణి

తా.క.: ఊరికే చూపిస్తుందని మా మేడం అంటారు. పేరు మార్చినా మనిషి మారడట.

కంబదూరు

చి. ఇంద్రాణికి మామ దీవెనలు.

నా పేరు సంగతి మా అమ్మను, అదే మీ అవ్వ మారెక్కనడిగినాను. నాకు ముందు పుట్టిన మగపిల్లలెవరూ దక్కలేదంట. అందరికీ ఇంటిదేవుడి పేరు, ఓబుళేసు అనే పెట్టినారంట. నన్ను మాత్రం పుట్టగానే తిప్పలో, అంటే పేడకుప్ప మీద పడుకోబెట్టి తిప్పేషు అన్నారంట. ఎవరో పారేసిన బిడ్డ అనుకొని చావు నన్ను వదిలేయాలని. అంటే నా పేరు నన్ను చూపించడానికి కాదు, దాచడానికి. మీ మేడం ఇది చదివిందా?

గొర్రెల మధ్య నుంచి,
తిప్పేషు

తా.క.: పరీక్ష చేద్దామని, నన్ను ఓబుళేసు అని పిలవమని తోటి కాపరి నరసింహప్పకు చెప్పినాను. వాడు పిలుస్తూనే ఉన్నాడు, నేనే పలకడం మరిచిపోతున్నా.

అనంతపురం

మామకు నమస్కారాలు.

భలే పరీక్ష! ఆపకు. క్లాసులో చెబితే చప్పట్లు కొట్టారు.

నీ గురువు,
ఇంద్రాణి

తా.క.: పలకడం నేర్చుకో ముందు.

కంబదూరు

చి. ఇంద్రాణికి దీవెనలు.

మధ్యాహ్నం వంక గట్టు మీద సంగటి తింటున్నాం. నరసింహప్ప "ఓబుళేసూ" అన్నాడు. నేను మరిచిపోయి ఊరకున్నా. ఎండిన వంకలో నుంచి ఎవరో "ఓ" అని పలికినారు. దిగి చూస్తే మనిషి లేడు. గొర్రెలన్నీ అటే చూస్తున్నాయి. ఇంతకాలం నన్ను వెతుకుతున్న చావేనేమో తల్లీ. దాక్కున్నోణ్ణి నేనే బయటపడినానా? నాకు చాలా భయంగా ఉంది.

ఇంకా బతికే ఉన్న
తిప్పేషు

తా.క.: నరసింహప్ప ఆ ముద్ద ఇంకా మింగలేదు.

అనంతపురం

మామకు నమస్కారాలు.

అది ప్రతిధ్వని మామా. కాదంటావా, అడిగి చూడు. పేరు ఎవర్ని చూపిస్తుందో పలికినవాడే చెప్పాలి.

ధైర్యం చెబుతూ,
ఇంద్రాణి

తా.క.: అవ్వకు మాత్రం చెప్పకు, తిడుతుంది.

కంబదూరు

చి. ఇంద్రాణికి దీవెనలు.

ప్రతిధ్వని అయితే "ఓబుళేసూ" అనే రావాలి గదా, "ఓ" అని ఎందుకొస్తుంది? అయినా అడిగినాను. "ఎవరప్పా నువ్వు? నాకోసరమే వచ్చినావా?"

"నీకోసరం గాదు. మమ్మల్ని పిలిచినారు గదా, వచ్చినాం. అమ్మ యాడుండాది?" పసిగొంతులు, ఒకటి కాదు.

చావు కాదమ్మా, మా అన్నలు. వాళ్లను పూడ్చింది ఆ వంక గట్టునేనంట. మీ అవ్వకు చెప్పకుండా ఉండలేకపోయినాను. తిట్టలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో నడిచి వచ్చింది. "ఓబుళేసూ, ఈడుండా రా నాయనా" అని పిలిచింది. నేను ఏడ్చేసినాను.

అన్నలున్న
తిప్పేషు

తా.క.: అవ్వ రోజూ వంకకు పోతోంది. అందరికీ ఒకే పేరు పెట్టడం మంచిదే అయిందంటుంది. ఒకసారి పిలిస్తే అందరూ వస్తున్నారంట.