జడ్జి మెడలోని మేకుల పట్టీ

1926 నవంబరు 3. గుమ్మలక్ష్మీపురం

మళ్ళీ చలిజ్వరం. డాక్టరు పార్వతీపురం ఆస్పత్రిలో చేరమంటున్నాడు. నేను పోతే జడ్జిని ఎవరు చూస్తారు? నా కుక్కకు ఆ పేరు నేనే పెట్టాను. ఎవరేం చెప్పినా కళ్ళు సగం మూసుకుని వింటుంది, తీర్పు మాత్రం చెప్పదు. నా భూమి దావా విన్నవాడికంటే నయం.

నవంబరు 4

స్తెఫను వచ్చాడు. నా చెల్లెలి కొడుకు, మూగజీవుల సంఘానికి సెక్రటరీ. యజమాని ఆస్పత్రి పాలైతే పెంపుడు జంతువును సాకడం కూడా సంఘం పనేనట. నువ్వు బేగి బాగవ్వు మాఁవా, జడ్జిగారి సంగతి నేను సూసుకుంటాను కదేటి అన్నాడు. ఒకటి ఒప్పుకోవాలి. పోయిన వేసవిలో దాని చెవిలో పురుగులు పడితే బతికించింది వాళ్ళ డిస్పెన్సరీయే. పైసా పుచ్చుకోలేదు.

ఒక్కటే చెప్పాను. మెడలోని మేకుల పట్టీ తీయొద్దు. చిరుత కుక్కను పట్టేది మెడ దగ్గరే. అందుకే మొనలు బయటికి పెట్టి కమ్మరి చేత చేయించాను. నాకు తెల్దేటి మాఁవా, నేనీ కొండల్లో పుట్టినోణ్ణి కానా అని నవ్వాడు.

నవంబరు 17. పార్వతీపురం

బతికాను. పక్క మంచం వాడు బతకలేదు.

నవంబరు 24, సాయంత్రం

ఇల్లు చేరాను. జడ్జి లేదు. తప్పిపోయిందట. స్తెఫను నేల చూస్తూ చెప్పాడు. ఆడకుక్క ఎనకాల పోయుంటాది, వచ్చేత్తాదిలే అన్నాడు. ముసలి కుక్క. ఎండలో పడుకోవడానికే బద్ధకించేది.

నవంబరు 25

సంఘం షెడ్డు కాపలాదారు సుక్రు పెరటి దారిన వచ్చి నిజం చెప్పాడు. ప్రెసిడెంటు దొరసాని ఇన్‌స్పెక్షనుకు వచ్చిందట. మేకులు చూస్తే ఎక్కడ క్రూరత్వమంటుందోనని స్తెఫను తన చేతులతోనే పట్టీ విప్పి ఎర్ర తోలు కాలర్ కట్టాడట. దొరసాని జడ్జి తల నిమిరి మురిసిపోయిందట. ఆమె బంగళాలో ఉన్నన్నాళ్ళూ కాలర్ మార్చలేదు. ఒక రాత్రి చిరుత షెడ్డు కంచె దూకి జడ్జిని మెడ పట్టి ఎత్తుకుపోయింది. రాత్రేల పులొత్తాది కదా బాబూ అన్నాను, దొరసాని ఎల్లిందాక నోరు మూసుకో అన్నాడు అని సుక్రు ఏడ్చాడు.

తెలియక చేసి ఉంటే మూర్ఖుడనుకుని ఊరుకునేవాణ్ణి. తెలిసి చేశాడు. ఆ దొరసానితో మాట్లాడే ఇంగ్లీషు ముక్కలు వాడి నోట్లో పెట్టింది నేనే.

నవంబరు 28

సంతలో పదిమంది ముందు అడిగాను. వాడు దాచలేదు. ఆయమ్మకి కోపమొత్తే సంఘం మూతబడతాది మాఁవా, వంద పశువులకి మందుండదు, ఒక్క కుక్కని సూసుకుంటే అవుద్దేటి అన్నాడు. వంద పశువుల చాటున నీ కుర్చీని కాపాడుకున్నావురా అన్నాను. మా వంటమనిషి యర్రమ్మ కూరల గంప దించి, నీ సొంత కుక్కయితే ఆ పట్టీ ఇప్పుదువేట్రా గుంటడా అని అడిగింది.

డిసెంబరు 6

సంఘం నుంచి కుక్కపిల్ల వచ్చింది. మెడకు రిబ్బను. పెంపుడు జంతువును పోగొట్టుకున్నవారికి ఓదార్పట. తిప్పి పంపమన్నాను. యర్రమ్మ వినలేదు. సలికి వణికిపోతంది, మీ పంతం దీనికేటి తెలుసు అని పాలు పోసింది.

డిసెంబరు 9

స్తెఫను గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. నేను పిలవలేదు. కుక్కపిల్ల తోక ఊపుకుంటూ వెళ్ళి వాడి చెయ్యి నాకింది.