బుజ్జిగాడు కాళ్లు చాపుకుని పడుకున్నాడు

స్వరూపక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. అమీర్‌పేటలో మన హాస్టల్ గది ఖాళీ చేసి, నీ కుందేలు బుజ్జిగాణ్ణి తీసుకుని పంజాగుట్టలో ఇంటికి మారాను. కొత్తచోట వాడు రెండు రోజులు మంచం కిందే ముడుచుకుని కూర్చున్నాడు. క్యారెట్లు పెట్టలేదులే, వాడి కడుపు పాడవుతుందని నువ్వు తిడతావు. గుడి దగ్గర ఆవులకని అమ్మే గడ్డికట్టే తెచ్చాను. వాడి కింద మన కోచింగ్ నోట్సే చింపి పరిచాను, ఇంకే కాగితం మీదా పడుకోడు కదా.

ఇవాళ పొద్దున దబ్బున పక్కకి ఒరిగి, కాళ్లు చాపేసి కళ్లు మూశాడు. మొదటిసారి అలా పడినప్పుడు చచ్చిపోయాడనుకుని ఏడ్చి, హాస్టలంతా పోగుచేశాను, గుర్తుందా? నువ్వు పడీపడీ నవ్వావు. "ఫికర్ చెయ్యకు పిల్లా, పాణం మస్తు హాయిగుంటెనే గట్ల పంటడు" అన్నావు.

ఆ మాట బాగా నమ్మేశాను అక్కా. సోమాజిగూడ ఆసుపత్రిలో ఆ మధ్యాహ్నం నువ్వు కళ్లు మూసుకుంటే, హాయిగా పడుకున్నావనుకుని, ఎవర్నీ పిలవకుండా పక్కనే కూర్చున్నాను.