లిన్ చెప్పబోయి ఆగిన మాట

శుక్రవారం రాత్రి, చందాపుర

రేపు లిన్ చైనాకి వెళ్ళిపోతాడు. బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో కొత్త మిషన్లు బిగించడానికి వచ్చిన ఈ ఇంజనీరు మూడు నెలలు నా నోటితోనే మాట్లాడాడు. దుబాసీ పనిలో "ఆయన ఇలా అంటున్నారు" అనకూడదు, "నేను" అనే చెప్పాలి. రోజంతా అతని "నేను" నా నోట్లోనే ఉండేది. సొంత మాట ఒక్కటీ కలపకూడదు. ఇన్నాళ్ళూ కలపలేదు కూడా.

భోజనాల దగ్గర నా నోట్‌బుక్‌లో రోజుకో నాలుగక్షరాల చైనీస్ నానుడి రాసేవాడు. మాటలతో బతికేదాన్నని అన్నీ మాటల గురించే. షెడ్డులో అందరూ ఒకేసారి అరిస్తే "ఏడు నోళ్ళు, ఎనిమిది నాలుకలు". మాట ఆపని సూపర్‌వైజర్ మునెప్పకి "వేలాడే నది లాంటి నోరు". ఈ రోజు రాసింది "చెప్పబోయి ఆగిపోవడం". ఎవరి గురించని నేను అడగలేదు.

సాయంత్రం వీడ్కోలు టీ తాగుతూ మునెప్ప లిన్‌ని చూపించి, "ఆయప్ప మళ్ళా ఎప్పుడొస్తాడో అడుగమ్మా" అన్నాడు.

చైనీస్‌లో అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎప్పుడూ అడిగినవాళ్ళ వైపు చూసి జవాబు చెప్పే లిన్, ఈసారి నన్నే చూశాడు. నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు.

"ఏమంటా ఉండాడమ్మా?"

"ఇంకా ఏమీ అనలేదు సార్."

ఆ "ఇంకా" లిన్‌ది కాదు. నేను కలిపిందే.