తొమ్మిదో నంబరు గౌను

నాంపల్లి,
సోమవారం.

నా కేథరిన్‌కు,

రోజూ ఫోన్‌లో మాట్లాడుతూ మళ్లీ ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. మనది ఒకే గది ఇల్లు. నీతో ఏం మాట్లాడినా జిప్పోరాకు వినిపిస్తుంది. చెప్పాల్సింది దాని గురించే కాబట్టి రాస్తున్నాను. బెత్సీ అక్క కుట్లు విప్పారన్నావు, సంతోషం. మీ అక్క లేచి తిరిగేదాకా మెదక్‌లోనే ఉండు. ఇక్కడ వంట ఎలాగో సాగుతోంది.

నీకు తెలియకుండా ఒక పని చేశాను. మన పిల్ల మొటిమలకు పసుపు, శనగపిండి చాలు, మందుల జోలికి పోవద్దని నువ్వు వెళ్లేటప్పుడు గట్టిగా చెప్పావు. నువ్వు వెళ్లిన వారానికే గడ్డం మీద, బుగ్గల మీద ఇంకా లేచాయి. ఎండ లేకపోయినా మొఖానికి దుపట్టా చుట్టుకునే కాలేజీకి వెళ్లేది. ఒక సాయంత్రం చర్చిలో క్వయర్ పాటల ప్రాక్టీసు నుంచి వచ్చి, "డాడీ, కోత పండుగకు సోలో నేను పాడ. మైకు ముంగట నిలబడితే పాట ఎవరింటరు, అందరు నా మొఖమే చూస్తరు" అంది. నా బుగ్గల మీది గుంటలు నీకు తెలుసు. ఆ వయసులో నన్ను ఏ పేరు పెట్టి పిలిచేవారో పెళ్లయి ఇరవై ఏళ్లయినా నీకు చెప్పలేదు. ఇప్పుడూ రాయలేను.

మర్నాడు బేగం బజార్‌లో మా కొట్టు లెక్కలు ముగించి అబిడ్స్‌కు నడిచాను. నాంపల్లిలోనూ మందుల షాపులున్నాయి. కానీ తెలిసినవాళ్లు చూస్తారు. అబిడ్స్ షాపులో జనం తగ్గేదాకా దగ్గుమందులు చూస్తున్నట్టు నిలబడ్డాను. చివరికి షాపతనే, "ఏం గావాలె అంకుల్?" అన్నాడు.

"మొటిమలకు" అన్నాను.

నా మొఖం వైపు చూసి, "మీకా? ఇప్పుడేం ఫాయిదా అంకుల్, టైమైపోయింది గదా!" అని నవ్వాడు. అమ్మాయికి అన్నాక నవ్వు ఆపాడు. బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ ఒకటి తీసి, "దీనికి డాక్టర్ చీటీ అక్కర్లేదు. శనగగింజంత, రాత్రిపూట ఒక్కసారే పూయాలె. జర మంట ఉంటది. ఫరక్ కనబడేతందుకు రెండు నెలలు పడతది, తొందరపడొద్దని చెప్పుండ్రి" అన్నాడు.

అట్టపెట్టెను, అందులోని మడత కాగితాన్ని ఫుట్‌పాత్ మీదే చింపి పారేసి, ట్యూబు మాత్రం జేబులో వేసుకున్నాను. నువ్వు వచ్చాక ఇంట్లో ఆ గుర్తులేవీ ఉండకూడదని. రోజువారీ ఖర్చుల పుస్తకంలో కూడా 'మందు' అని రాసి ఊరుకున్నాను.

జిప్పోరాకు ట్యూబు ఇచ్చి మూడు వారాలైంది. మొటిమలు తగ్గలేదు సరిగదా, మొఖమంతా ఎర్రబడి ముక్కు పక్కన పొట్టు లేస్తోంది. అడిగితే బాగానే ఉందంటుంది. ట్యూబు అప్పుడే అడుగంటింది. నా చేతులతో నేనే బిడ్డ మొఖం పాడుచేశానేమోనని కొట్లో కూర్చున్నా అదే ఆలోచన.

దీనికి తోడు చర్చిలో ఇంకో తలనొప్పి. ఉతికి వచ్చిన క్వయర్ గౌన్లలో మూడింటికి మెడ దగ్గర మెరూన్ రంగు పోయి నారింజ మచ్చలు పడ్డాయి. ఉతికే లక్ష్మీనర్సమ్మ బ్లీచింగ్ పౌడర్ వాడిందన్నారు కమిటీవాళ్లు. గౌన్ల రిజిస్టరు రాసేది నేను కదా, చదవమన్నారు. శుభ్రంగా వెళ్లాయి, మచ్చలతో వచ్చాయి అని ఉన్నది ఉన్నట్టు చదివాను. పదకొండేళ్లుగా ఉతుకుతున్న మనిషి. పని మాన్పించారు. ఆమె ఒక్క మాటా అనలేదు. నా దిక్కే కాసేపు చూసి వెళ్లిపోయింది. ఆ చూపు నాకు అర్థం కాలేదు.

నీ
ఆనంద్ పాల్


నాంపల్లి,
గురువారం.

కేథరిన్,

నా మొదటి ఉత్తరం చదివి కోపం వచ్చి ఉంటే, ఇది కూడా చదివి ఒకేసారి తిట్టు.

నిన్న పొద్దున జిప్పోరా దిండు ఎండలో వేయబోయాను. నీలం గలేబు మీద అరచేయంత మేర రంగు పోయి ఉంది. మధ్యలో తెలుపు, అంచున పాలిపోయిన పసుపు. దాన్ని లక్ష్మీనర్సమ్మ ఎన్నడూ ముట్టలేదు. ఇంట్లో నేనే మామూలు సబ్బుతో ఉతుకుతున్నాను. అక్కడే మెట్ల మీద కూర్చుని రిజిస్టరు తెరిచాను. మచ్చలు పడ్డ గౌన్లు తొమ్మిది, పది, పన్నెండు. తొమ్మిది మన జిప్పోరాది. తక్కిన రెండూ దాని పక్కన నిలబడే పిల్లలవి.

కొట్టుకు ఆలస్యంగా వస్తానని చెప్పి అబిడ్స్ వెళ్లాను. అదే జెల్ ఇంకొకటి కొని, కాగితం కౌంటరు మీదే విప్పాను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. నాకు వచ్చిన ఇంగ్లీషంతా కరెంటు బిల్లుల వెనకవైపు, మందు కాగితాల మీద చదివి నేర్చుకున్నదే. నువ్వే నవ్వేదానివి, ఈయన పొట్లం కట్టిన కాగితం కూడా వదలడని. రంగు బట్టలకు తగిలితే రంగు పోతుందని సన్న అక్షరాల్లో స్పష్టంగా ఉంది. నేను చదవకుండా పారేసిన కాగితం అదొక్కటే.

సాయంత్రం జిప్పోరాను అడిగాను. ఏడుపు ఆపుకోలేకపోయింది. పండుగలోపే పోవాలని రోజుకు మూడుసార్లు దట్టంగా పూసిందట. ఆదివారం గౌను తొడుక్కునే ముందు కూడా. పక్క పిల్లలిద్దరికీ ఇచ్చిందట.

"లక్ష్మీనర్సమ్మ పని పోయిందమ్మా" అన్నాను.

"గది నా జెల్‌తోని అయిందని నాకు తెల్వదు డాడీ, దేవుని తోడు."

"ఇప్పుడు తెలిసింది కదా."

"కమిటీల చెప్పకు డాడీ, ప్లీజ్. చర్చంతా మాట్లాడుకుంటరు. నేనింక ఆ గేటు లోపల అడుగు పెట్ట."

శనివారం మళ్లీ కమిటీ ఉంది. గౌన్లు ఒక డ్రైక్లీనింగ్ వాళ్లకు ఏడాదికి రాసివ్వాలని తీర్మానం పెడుతున్నారు. అది అయిపోతే లక్ష్మీనర్సమ్మకు దారి మూసుకుపోయినట్టే. చెప్తే బిడ్డ నాతో మాట్లాడదు. చెప్పకపోతే ఆదివారం నేను ఏ మొఖంతో ప్రార్థన చేయను? రేపు ముందు లక్ష్మీనర్సమ్మ ఇంటికి పోతాను. ఏమనాలో ఇంకా తెలియదు.

ఆనంద్ పాల్


నాంపల్లి,
ఆదివారం, పండుగ అయ్యాక.

నా కేథరిన్‌కు,

నిన్న ఫోన్‌లో "పిల్లకు పసుపు పూయిస్తున్నరా?" అని అడిగి నవ్వావు. ఉత్తరాలు చేరాయని అర్థమైంది. ఇక భయం లేకుండా రాస్తున్నాను.

శుక్రవారం చాదర్‌ఘాట్ పోయాను. లక్ష్మీనర్సమ్మ గుమ్మంలో ఇస్త్రీ చేస్తోంది. తప్పు నీది కాదమ్మా, మా అమ్మాయి పూసుకునే మందుది అన్నాను. ఇస్త్రీ పెట్టె ఆపకుండానే, "నాకెర్కే సారూ" అంది.

"ఎట్లా తెలుసు?"

"మా మనుమరాలు గూడ గదే పూస్తది. మా దుప్పటి గిట్లనే ఖరాబైంది. గౌను మెడ కాడ తెల్లగ ఎండిన మందు చేత్తోని గోకి ఉతికినదాన్ని, నాకెర్క ఉండదా?"

"మరి కమిటీలో ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పాలె? తొమ్మిది నంబరు నీ బిడ్డది. గంతమంది మొగోళ్ల ముంగట ఆడపిల్ల మొఖం ముచ్చట తీయమంటవా? నువ్వు బుక్కు వట్టుకొని సదువుతుంటే, తెల్వక సదువుతున్నడా, బిడ్డను దాస్తందుకు తెలిసే సదువుతున్నడా అని నీ దిక్కు చూసిన. అంతే."

ఇంటికొచ్చి ఆ మాటలు ఒక్కటీ మార్చకుండా జిప్పోరాకు చెప్పాను. అది గోడవైపు తిరిగి పడుకుంది.

శనివారం కమిటీలో నేను రిజిస్టరు తెరిచేలోపే జిప్పోరా తలుపు తోసుకుని వచ్చింది. దుపట్టా లేదు. చేతిలో తొమ్మిదో నంబరు గౌను. "ఈ మచ్చలు నా మందుతోని పడినయ్ అంకుల్. లక్ష్మీనర్సమ్మ తప్పేం లేదు" అంది.

క్వయర్ మాస్టర్ సామ్ సుందర్ గారు, "ఏం మందు తల్లీ?" అన్నారు.

"మొటిమలది."

అప్పుడు కోశాధికారి జాబెజ్ గారు గొంతు సవరించుకుని, "దాని పేరు జర రాసియ్యమ్మా. మావాడు బాత్రూంల అద్దం ముంగట నుంచి కదుల్తలేడు" అన్నారు. అందరూ నవ్వారు. జిప్పోరా కూడా. నేను లేచి, కొన్నది నేనే, కాగితం పారేసింది నేనే అని చెప్పాను. రిజిస్టరులో నా పాత మాట కొట్టేసి, సరైన మాట రాసి సంతకం చేశాను.

డ్రైక్లీనింగ్ తీర్మానం మానుకున్నారు, లక్ష్మీనర్సమ్మ రేపటి నుంచి వస్తుంది. నా క్షమాపణ విని, "గది సరేగని సారూ, మెడ కాడ లోపట తెల్ల పట్టీలు కుట్టియ్యి. ఊకె గోకుడు నాతోని గాదు" అంది. గుడ్డ తెచ్చాను. జిప్పోరా ఇప్పుడు రాత్రిపూట ఒక్కసారే, శనగగింజంతే పూస్తోంది. పొట్టు తగ్గింది, మొటిమలు ఇంకా ఉన్నాయి. ఈ పొద్దున వాటితోనే, ఆ మచ్చల గౌనుతోనే మైకు ముందు నిలబడి పాడింది.

చర్చి నుంచి వస్తూ, "చిన్నప్పుడు మొటిమలు చూసి నిన్నేమనేటోళ్లు డాడీ?" అని అడిగింది. చెప్పాను. దానికి చెప్పి నీకు చెప్పకపోతే బాగుండదు.

జల్లెడ అనేవారు కేథరిన్. నవ్వుకో, పరవాలేదు. మేమిద్దరం నాంపల్లి స్టేషన్ దాకా నవ్వుకుంటూనే వచ్చాం.

నీ
ఆనంద్ పాల్