రెండు మంచి మాటలు, ఒక సలహా

జూలై 6, ఆదివారం

లేచేసరికి వాట్సాప్ ఫొటోల గ్రూపు నిండా సూర్యోదయాలు. అన్నీ తాండవ రిజర్వాయరు మీదే. అన్నిటికీ ఫోన్లో నారింజ రంగు పులిమేశారు. ఒకాయన భార్యని చెయ్యి చాపి నిలబెట్టి, సూర్యుడు ఆవిడ అరచేతిలో ఉన్నట్టు తీశాడు. ఆవిడ ముఖంలో విసుగు... ఆ ఫొటో మొత్తానికి నిజం అదొక్కటే. కింద వరసగా సూపర్ సార్, అద్భుతం సార్, మీ కంటికి దండం సార్.

అసహ్యం వేస్తోంది. ఈ గ్రూపులో నేనెందుకు? నాన్న పెట్టిన స్టూడియో నడుపుతున్నందుకు. "ఊళ్లో కెమెరా పట్టిన ఆడపిల్లవి నువ్వొక్కదానివే భవానీ, మాకు గైడుగా ఉండమ్మా" అన్నారు డాక్టరు గారు. గ్రూపు ఆయనదే. కాదనలేను. కరోనాలో అమ్మకి ఊపిరాడక ఎక్కడా మంచం దొరకనప్పుడు తన ఆస్పత్రి వరండాలో మంచం వేయించింది ఆయనే.

ఆయన పెట్టిన రూలు ఒకటి ఉంది. ఎవరి ఫొటోకైనా ముందు రెండు మంచి మాటలు చెప్పాలి, తర్వాత ఒక్క సలహా. ఎవరి మనసూ నొప్పించకూడదు. ఆ రెండు మంచి మాటలు వెతకడంతోనే నా ఆదివారం గడిచిపోతోంది.

జూలై 8

"ఏటే, గొంగళిపురుగుని సూసినట్టు సూస్తన్నావు ఆ ఫోన్ని?" — మా ఆయన. నవ్వాను. నాకు మాత్రం ఏం గొప్ప? ఇవాళ పొద్దుణ్నుంచి కంప్యూటర్లో ఒక పెళ్లికూతురి ముఖం తెల్లగా చేస్తున్నాను. ఇంకా తెల్లగా కావాలని వాళ్ల మేనత్త మూడోసారి ఫోన్. చేసి పంపాను. ఆ పిల్లని ఆ పిల్లే గుర్తుపట్టదు.

జూలై 13, ఆదివారం

డాక్టరు గారు ఫొటో పెట్టారు. కొయ్యూరు అవతల కొండ మీది ఊరు నుంచి గుండె జబ్బుకి ఆయన దగ్గరకి వచ్చే ముసలావిడ. ఆస్పత్రి బల్ల మీద కూర్చుంది. ముక్కుకి మూడు పుడకలు. తలకి నూనె రాసి, నున్నగా దువ్వి ముడి వేసుకుంది. ఉతికిన చీర, కాళ్లకి కొత్త చెప్పులు. వెనక గోడకి మందుల కంపెనీ క్యాలెండరు. కెమెరా కేసి పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది.

ఫొటో కింద పేరు — "ఆకలి".

ఎవరికి ఆకలి? టౌనుకి వెళ్తున్నానని ముస్తాబై వచ్చిన మనిషి! కొండ మీది మనిషైతే చాలు, ముడతలుంటే చాలు, ఆకలి అని రాసేయడమేనా? పేరు తప్పండీ, తీసేయండి అని రాయాలి. సగం రాశాను కూడా. అమ్మ మంచం గుర్తొచ్చింది. చెరిపేశాను.

రాసింది ఇది: "కిటికీ వెలుతురు చాలా బాగా పట్టారు సార్. ముక్కుపుడకలు చక్కగా వచ్చాయి. ఒక్క సలహా — ఆకలి అన్న పేరుకి ఆ నవ్వు, వెనక క్యాలెండరు పొసగడం లేదు."

"నోటెడ్ అమ్మా" అన్నారు. పేరు మారుస్తారనే అనుకుంటున్నాను.

జూలై 14

వాన. కరెంటు లేదు. షాపుకి ఎవరూ రాలేదు.

జూలై 26, శనివారం

పేరు మార్చలేదు. మనిషిని మార్చారు.

అదే ముసలావిడ. అదే బల్ల. క్యాలెండరు లేదు. చెప్పులు లేవు. జుట్టు విప్పి భుజాల మీద వేశారు. నవ్వు లేదు. పెదాలు బిగించి కెమెరా కేసి చూస్తోంది, స్కూల్లో తప్పు చేసి నిలబడ్డ పిల్లలా. పేరు ఆకలే.

ఆయన రెండు ఫొటోలూ పక్కపక్కన అతికించి పెట్టారు. "భవాని సలహాకు ముందు, సలహా తర్వాత. సద్విమర్శ అంటే ఇదీ!" కింద చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు. ఒకడైతే — మేడమ్ గారూ, మాకూ ఇలాంటి సలహా ఇవ్వండి.

ఫోన్ బోర్లించి పెట్టాను. అన్నం సయించలేదు.

జూలై 27

గ్రూపులో ఏమీ రాయలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

జూలై 30

డాక్టరు గారి కాంపౌండరు పెన్‌డ్రైవు తెచ్చాడు. ఫొటోగ్రఫీ దినోత్సవానికి టౌన్‌హాల్లో ప్రదర్శనట. "ఆకలి" పెద్ద సైజులో ప్రింటు వెయ్యాలట, నల్ల ఫ్రేముతో. "బేగి కావాలన్నారండి." సరే అన్నాను. సరే అని ఎందుకన్నాను?

ఆగస్టు 2, శనివారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి.

మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. అత్తకి పింఛను కోసం పాస్‌పోర్టు ఫొటోలు కావాలంది కోడలు. అత్త లోపలికి వచ్చింది. మూడు పుడకలు.

స్టూలు చూపించాను. నేనింకా లైటు వెయ్యనే లేదు... ఆవిడ చెప్పులు విడిచి గుమ్మం అవతల పెట్టింది. ముడి విప్పేసింది. జుట్టు భుజాల మీద పరుచుకుంది. పెదాలు బిగించి కూర్చుంది.

"జుట్టెందుకు విప్పావమ్మా?"

"ఫొటోకి ఇలాగే ఉండాలంట కదా తల్లీ. నవ్వితే సెడిపోద్దంట. మొదట నవ్వేసినాను, అది పనికిరాలేదంట. డాక్టరు బాబు మళ్లీ రమ్మన్నాడు."

మందులకి కాదు — ఫొటో కోసం మళ్లీ రమ్మన్నాడు. కొండ దిగి, బస్సు పట్టుకుని, వాచిన కాళ్లతో. కోడలు చెప్పింది: "కిందటేడు పెద్దాసుపత్రిలో కూడా మంచం మీద కూకోబెట్టి ఫొటో తీసినారమ్మా, కార్డుకి. ఫొటో సరిగ్గా లేకపోతే కార్డు మీద వైద్యం అవ్వదన్నారు. ఇదీ అదే అనుకున్నాం. పని మానుకుని ఒచ్చినాం."

ఆవిడ నా కేసి తిరిగింది. "డాక్టరు బాబు తీసింది ఈసారైనా బాగా వచ్చిందంటావా? మళ్లీ రమ్మంటారేటి?"

చెప్పేశాను. అది కార్డుకి కాదమ్మా. గోడకి తగిలిస్తారు, జనం చూడ్డానికి.

"నన్నా? నన్నేటి సూత్తారు?"

పేరు కూడా చెప్పాను. ఆకలి అని రాశారు. చెప్పకపోతే బాగుండేదేమో. ఆవిడ కోడలి కేసి చూసింది. తర్వాత మెల్లగా — "నా కొడుకు కూడెట్టట్లేదని రాసినారా?"

కోడలి ముఖం నల్లబడింది. "మొదటిసారి తల దువ్వి అంపింది నానేనమ్మా... కొత్త సెప్పులు కూడా కొన్నాం."

ముడి వేసుకోమన్నాను. వేసుకుంది. నవ్వమన్నాను. నవ్వలేదు. పింఛను ఫొటోలు అలాగే ఇచ్చాను, కవరు మీద నా నంబరు రాసి. పేరు అడిగాను. చిలకమ్మ.

నవ్వు పొసగలేదు అన్నది నేను. నా మాటకే ఆవిడ కొండ దిగింది.

ఆగస్టు 3

డాక్టరు గారికి ఫోన్ చేశాను. ప్రింటు వెయ్యను, మీరూ పెట్టొద్దు, ఆవిడ కార్డు కోసమనుకుంది, వాళ్ల పరువు పోతుంది అన్నాను. ఈసారి మంచి మాటలేవీ ముందు చెప్పలేదు.

ఆయన కోప్పడలేదు. అదే నా ఒళ్లు మండించింది. "ఆవిడకి ఊరికే మందులిస్తున్నాను భవానీ. కొండల్లో పేదరికం నలుగురికీ తెలియాలి కదమ్మా. అయినా, నవ్వు బాలేదన్నది నువ్వే."

ఆగస్టు 5

"ఊరందరిదీ ఒక దారీ, ఉలిపికట్టెది ఇంకో దారీ" అని మా ఆయన ఎత్తిపొడుపు. కాసేపాగి, "పోన్లే, ఎయ్యకు" అన్నాడు. పెన్‌డ్రైవు తిరిగి పంపించేశాను.

ఆగస్టు 19

ప్రింటు విశాఖలో వేయించారు. టౌన్‌హాల్లో గుమ్మానికి ఎదురుగా పెట్టారు. పక్కన చిన్న అట్ట మీద రెండు ఫొటోలూ, నా పేరు, మా స్టూడియో పేరు. జనం దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. ఒకావిడ పకోడీ నములుతూ "అయ్యో పాపం, ఎన్నాళ్లయిందో తిని" అంది.

నాకు శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. "రెండు మంచి మాటలు చెప్పమ్మా" అన్నారు డాక్టరు గారు.

"ఈవిడ పేరు చిలకమ్మ. ఆకలితో లేదు. కొడుకూ కోడలూ బాగా చూసుకుంటున్నారు. ఫొటో ఎందుకో ఎవరూ చెప్పలేదు, వైద్యం కార్డుకి అనుకుని కూర్చుంది. దయచేసి దీన్ని దించండి."

మైకు తిరిగి ఇచ్చేశాను. ఉపన్యాసం అయిపోయిందనుకుని వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. డాక్టరు గారు కూడా. "చక్కని సలహా, పరిశీలిద్దాం" అని తర్వాతి మనిషిని పిలిచారు.

శాలువా కుర్చీ మీద వదిలేసి వచ్చాను. ఫొటో గోడ మీదే ఉంది.

ఆగస్టు 20

నన్ను గ్రూపులోంచి తీసేశారు. హాయి. ఇదొక్కటే ఈ నెలలో హాయి.

ఆగస్టు 23, శనివారం

శనివారం చిలకమ్మ మందులకి వచ్చే రోజు. సాయంత్రం డాక్టరు గారే ఫోన్ చేశారు. గొంతులో మునుపటి తీపి లేదు. "ఆవిడ రెండు వారాలుగా రావడం లేదు. మాత్రలు మానితే నీరు పట్టేస్తుంది. నువ్వేం చెప్పావు వాళ్లకి?"

నిజమే చెప్పాను అన్నాను. "నిజంతో గుండె ఆడుతుందా?" అని పెట్టేశారు. ఈ మనిషి తనని పూర్తిగా అసహ్యించుకోనివ్వడు కూడా.

ఆస్పత్రిలో కోడలి నంబరు తీసుకుని చేశాను. కొండ మీద సిగ్నలు అందదు. చేస్తూనే ఉన్నాను. చివరికి ఎత్తింది.

"రానంటందమ్మా. ఎంత సెప్పినా ఒల్లనంటంది. కాళ్లు బాగా వాసినాయి."

రేపు నేనే వస్తాను, వేరే డాక్టరుకి చూపిద్దాం, తోడు నేనుంటాను అన్నాను. పక్కన అత్తని అడుగుతున్నట్టుంది. ముసలావిడ మాటలు వినిపించాయి కానీ అర్థం కాలేదు.

కోడలు మళ్లీ లైన్లోకి వచ్చింది. "మీరూ ఫొటోలోళ్లే కదా, ఒద్దంటందమ్మా."